అక్క గదిలో గురక

పెళ్ళికాని ఆడమనిషి నోట "ఆయన" అనే మాట వస్తే ఇల్లు ఇల్లంతా చెవులు రిక్కిస్తుంది. మా అక్కకి అప్పుడు యాభై రెండేళ్ళు. ఒక ఆదివారం మా ఇంట్లో భోంచేస్తూ, గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ, ఏమీ ఎరగనట్టు అంది: "ఆయనకి మా వంటింటి కుళాయి చప్పుడు చిరాగ్గా ఉందిట. వాషరు మార్పించాలి."

మా ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది.

"ఎవరికి వదినా?"

"ఆయనకే. నలభై ఒకటికి."

"నలభై ఒకటా! వయసా?"

"కాదు, నంబరు," అంది అక్క. అని, చెవి తమ్మెల దాకా కందిపోయింది.

ఆ తరవాత మా ఇంట్లో ఆమెని పలకరించే పద్ధతే మారిపోయింది. "బాగున్నావా" పోయి "ఆయన బాగున్నారా" వచ్చింది. నేనూ అన్నాను. తమ్ముణ్ణి కదా, ఆటపట్టించే హక్కు పుట్టుకతోనే వచ్చిందనుకున్నాను.

అక్క ఇరవై నాలుగేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. అద్దాల గది, ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాను, ఎదురుగా బస్సుల చిట్టా. "ప్రయాణికులకు గమనిక" అని ఆమె అంటే, కాళ్ళు బారచాపి కునుకు తీస్తున్నవాడు కూడా లేచి సంచి భుజాన వేసుకునేవాడు. లేవనివాడి కోసం "మరొక్కసారి" అని మొత్తం మళ్ళీ చెప్పేది. నాన్న తొందరగా పోయాడు. నన్నూ చెల్లెల్నీ చదివించింది, పెళ్ళిళ్ళు చేసింది ఆ గొంతే. ఆ సందడిలో ఆమె సంగతి ఎవరం గట్టిగా ఎత్తలేదు. ఎత్తిన ఒకటి రెండుసార్లూ "ఇప్పుడెందుకురా" అంది, మేం ఎంచక్కా నమ్మేశాం. మా బావమరిది ఒకసారి "ఊరందరినీ బస్సులెక్కించి అక్కగారు ప్లాట్‌ఫారం మీద ఉండిపోయారు" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ, నడిరోడ్డు మీద ఉన్నా సరే, తల దించుకుంటాను.

తరవాత బస్టాండువాళ్ళు మిషను పెట్టారు. ఎవరిదో గొంతు, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించింది. బస్సు నంబరు దగ్గరికి రాగానే ఎక్కిళ్ళు పెట్టేది. అక్కని టిక్కెట్ల కౌంటరుకి మార్చారు. "అద్దం అలాగే ఉందిలే, మైకు లేదంతే," అంది. ఆ ఏడే, చూపులేనివాళ్ళ లైబ్రరీకి పుస్తకాలు చదివి రికార్డు చేసిపెట్టడం మొదలుపెట్టింది. తెల్లారగట్ల లేచి, కిటికీలు మూసి, ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, ఎండ గోడ మీదికి వచ్చేదాకా చదివేది.

లైబ్రరీకో నియమం ఉంది. చదివేవాళ్ళ పేరు వినేవాళ్ళకి చెప్పరు, వినేవాళ్ళ పేరు చదివేవాళ్ళకి చెప్పరు. వినేవాళ్ళకి నంబర్లు. పుస్తకం విన్నాక ఎవరికైనా ఓ మాట చెప్పాలనిపిస్తే ఫోన్లో రికార్డు చేసి లైబ్రరీకి పంపుతారు. లైబ్రరీ మేడం అది విని, అభ్యంతరం ఏమీ లేకపోతే అక్కకి పంపుతుంది. వినడం అంటే స్పీకర్లో. ఆ ఆఫీసులో నాలుగు బల్లలున్నాయి. నాలుగు బల్లలూ వింటాయి. అక్క ఏమైనా చెప్పాలన్నా ఆ దారే.

అందరూ "చాలా బాగా చదివారండీ" అనేవారు. నలభై ఒకటి అలా కాదు. ఆయన ఏదో ఆస్పత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేస్తారట. అది కూడా ఎప్పుడో మాటల్లో దొర్లిందే. మొట్టమొదట ఆయన పంపింది, అక్క తరవాత పొల్లుపోకుండా చెప్పిన ప్రకారం, ఇది:

"నమస్కారం అండి. పదకొండో అధ్యాయంలో పెద్దావిడ ప్రాణం పోతుంటే మీ కుళాయి మూడు చుక్కలు కారింది. మొదటి రెండూ సందర్భానికి సరిపోయాయి, మూడోది ఎక్కువైంది. వాషరు మార్పించండి. ఇంకో సంగతి. మీ గొంతు నేనెక్కడో విన్నాను, ఎక్కడో తట్టడం లేదు. వింటుంటే మాత్రం లేచి సంచి భుజాన వేసుకోవాలనిపిస్తోంది."

అక్క ఆ ముక్క ఎన్నిసార్లు విందో నాకు తెలియదు. వాషరు మాత్రం నాచేత మర్నాడే మార్పించింది.

అలా మూడేళ్ళు. కిటికీ రెక్క సరిగ్గా పడకపోతే ఆయనకి తెలిసిపోయేది. బల్ల గోడ దగ్గరికి జరిపితే "గది సర్దారా?" అనేవారు. జలుబు ఏ పేజీలో మొదలై ఏ పేజీలో తగ్గిందో చెప్పేవారు. ఒంటరిగా ఉండే మనిషికి జలుబు చేసిందని ఇంకొకరికి తెలియడం ఎంత సంగతో అప్పట్లో నాకు తెలియదు. నేను తుమ్మితే పక్కవాటాలోంచి పలకరింపులొచ్చే ఇల్లు నాది.

ఈ సుఖానికి మొదటి దెబ్బ హార్డ్‌డిస్కు పోవడం. అక్క దగ్గరున్నదంతా ఒకే ఒక్క డిస్కులో ఉండేది. ఒకరోజు అది గోడగడియారంలా టిక్కు టిక్కుమని, ఆపైన ఏమీ అనలేదు. మూడొంతులు చదివిన నవల అందులో ఉండిపోయింది. అక్క నవల మాట ఎత్తలేదు. డిస్కుని చేతిరుమాల్లో చుట్టి నా షాపుకి తెచ్చి, "ఇంకేమీ రాదట్రా ఇందులోంచి? చిన్న చిన్నవైనా?" అని నాలుగుసార్లు అడిగింది. రిపేరువాళ్ళకి పంపితే అదృష్టం బాగుండి చాలావరకు వచ్చింది. ఇకమీద ఏదైనా రెండు చోట్ల ఉండాలని ఆ పూటే తీర్మానించాం.

అందుకో డబ్బా దొరుకుతుంది. చెప్పులపెట్టె అంత ఉంటుంది, ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఓ మూల పెట్టుకోవచ్చు. లోపల రెండు హార్డ్‌డిస్కులు. ఒకదాంట్లో ఏం రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. ఒకటి పోయినా రెండోది సాక్ష్యం చెబుతుంది. లైబ్రరీవాళ్ళు కూడా తమ ఫైళ్ళు నేరుగా అందులోంచే తీసుకుంటారు. డబ్బా తేలిగ్గానే కొన్నాం. అందులోకి డిస్కులు ఎంచే పని నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే పడలేదు, నేనే వంగి ఎత్తుకున్నాను.

ఎందుకంటే నాది మోటార్ల వైండింగ్ షాపు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు. హార్డ్‌డిస్కు మాత్రం ఏమిటి? పళ్ళేన్ని తిప్పే మోటారు. ఎంత చిన్నదైనా మోటారు మోటారే. మాలో చెయ్యి తిరిగినవాడు ముందే మోటారు విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి వింటాడు. బేరింగు ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేస్తాడు. ఇరవై ఏడేళ్ళుగా నేను వింటున్నాను. అంచేత కంప్యూటర్ల కొట్టుకి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునే వెళ్ళాను.

"ఉన్నవన్నీ ఒకసారి తిప్పు," అన్నాను.

"చూడటానికేం ఉండదు సార్, అన్నీ మూసే ఉంటాయి," అన్నాడు కొట్టాయన.

"చూడటానికి కాదు. వినడానికి."

పాపం, మర్యాదస్తుడు. ఎనిమిది డిస్కులు బల్ల మీద వరసగా పెట్టి కరెంటు ఇచ్చాడు. నేను కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాని గుండె మీద స్క్రూడ్రైవరు ఆనించాను. కీబోర్డు కొనడానికొచ్చిన పెద్దాయనెవరో "డాక్టరుగారా?" అని మెల్లగా అడిగాడు. నేను కాదనలేదు. ఎనిమిదింట్లో రెండు దొరికాయి. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్నవి, నంబర్లు కూడా పక్కపక్కవే. కవలపిల్లలు. ఒకటి పలికిన శ్రుతే రెండోది పలికింది.

"ఇవి రెండూ కట్టు."

"సార్, ఒకే పెట్టెలోవి రెండూ తీసుకోకండి. ఒకే రోజు తయారైన సరుకు, పోయాయంటే రెండూ ఒకేసారి పోతాయి. ఒకటిది, ఒకటి వేరే కంపెనీది పెట్టుకోండి. అదీకాక ఇవి పెద్ద ఆఫీసులవి, జోరుగా తిరుగుతాయి. మనుషులుండే గదిలోకైతే నెమ్మదిగా తిరిగేవి..."

"చూడు బాబూ, ఫ్యానుకి మేం బేరింగులు జతగానే మారుస్తాం. జత కలిస్తేనే చప్పుడుండదు."

"ఇది ఫ్యాను కాదు కదా సార్."

"నీ వయసంత ఉంది ఈ స్క్రూడ్రైవరుకి."

ఈ మాట అనేశాక మనిషి ఇంకెవరి మాటా వినలేడు.

అక్క ఇంట్లో డబ్బాలో బిగించాను. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. రెండూ కలిసి తిరగడం మొదలుపెట్టాక, ఫ్రిజ్ ఆపిన నిమిషానికి వినిపించింది. ఊఁ... అని మెల్లగా లేస్తుంది. పైకొచ్చి, నిలబడి, మళ్ళీ తగ్గిపోతుంది. ఒక క్షణం ఏమీ ఉండదు. మళ్ళీ ఊఁ... అచ్చం ఒంటి మీద దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోతున్న మనిషి ఊపిరి.

ఇది నాకు తెలియని రోగం కాదు. రెండు మోటార్లు పూర్తిగా ఒక్క వేగంతో తిరిగితే గొడవ లేదు. పూర్తిగా వేరు వేగాలైనా గొడవ లేదు. వెంట్రుకవాసి తేడా ఉంటేనే ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతాయి, కొందరు ఆలుమగల్లాగా. కవలల్ని ఏరి తెచ్చి ఒకే డబ్బాలో పక్కపక్కన కూర్చోబెడితే ఏమవుతుందో నా చెవికి ముందే తట్టాలి. చెవికి తట్టే ఉంటుంది. నోరు అడ్డుపడింది.

"కొత్త కదా, అలవాటు పడుతుందిలే," అన్నాను.

"ఏది, డబ్బానా?"

"నువ్వే."

నెలన్నర తరవాత అక్క నన్ను కబురుచేసి పిలిచింది. నలభై ఒకటి పంపినదేదీ ఎన్నడూ మాకు వినిపించని మనిషి, ఆరోజు ఫోను నా చేతికిచ్చింది.

"నమస్కారం అండి. పుస్తకం బాగుంది. ఈమధ్య మీ గదిలో ఇంకెవరో ఉన్నట్టున్నారు. నిద్రపోతున్నారు. వారికి మెలకువ వస్తుందని కాబోలు, మీరు గొంతు తగ్గించి చదువుతున్నారు. చాలా సంతోషం అండి. మాకోసం వారి నిద్ర చెడగొట్టకండి. నాకేం తొందర లేదు."

నేను పగలబడి నవ్వాను. నవ్వుతూ అక్క మొహం చూసి, మిగిలిన నవ్వుని దగ్గుగా మార్చుకున్నాను.

"గురకపెట్టే మొగుడున్నాడనుకున్నారురా ఆయన," అంది.

"అయితే ఏముందక్కా? లేడని చెప్పెయ్."

"ఎలా చెప్పను? నాలుగు బల్లల ముందు చెప్పనా, 'అయ్యా, నా గదిలో మగాళ్ళెవరూ పడుకోవడం లేదు' అని? యాభై ఐదేళ్ళదాన్ని."

ఆ తరవాత రెండు పుస్తకాలకి ఆయన దగ్గర్నుంచి వచ్చింది ఒకటే మాట. "అందింది. ధన్యవాదాలు." ఆస్పత్రికి ఫోన్ చేసినవాళ్ళతో కూడా అలాగే మాట్లాడతారేమో. అక్క కిటికీ రెక్క కావాలనే వదులుగా వదిలేసి ఒక అధ్యాయం చదివింది. ఆయన ఏమీ అనలేదు. కుళాయి సగం తిప్పి వదిలేసి ఇంకోటి చదివింది. అనలేదు. పరాయి మనిషి ఇంట్లోకి తొంగిచూడకుండా మొహం పక్కకి తిప్పుకునే పెద్దమనిషిలా, ఆయన చెవి పక్కకి తిప్పుకున్నారు.

ఒక సాయంత్రం కౌంటరు మూసుకుని నేరుగా నా షాపుకొచ్చింది. ఫ్యాను రెక్కల మధ్య ఉన్న స్టూలు మీద కూర్చుని అంది: "ఆ డబ్బా నోరు ముయ్యించరా. నేనేమీ చెప్పలేను. గదే చెప్పాలి."

డబ్బా ఆపేసి చదవొచ్చుగా అని మీకు తడుతూనే ఉంటుంది. అక్క ల్యాప్‌టాప్ ముసలిది, దాని కడుపులో చోటు లేదు. మాట నోట్లోంచి ఊడిపడగానే నేరుగా డబ్బాలోకే వెళ్ళాలి. పోనీ డబ్బానే దూరం పెడదామంటే అక్కది ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో వేడికి డబ్బా సొమ్మసిల్లింది. ఇనప బీరువాలో పెట్టి తలుపేస్తే బీరువా మొత్తం గురకపెట్టింది. పక్కవాటా ఆవిడ తలుపు తట్టి "మీ ఇంటికి చుట్టాలొచ్చారా?" అని అడిగాక బీరువాలోంచి తీసేశాం.

మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను.

"స్క్రూడ్రైవరు తెచ్చారా సార్?" అన్నాడు కొట్టాయన.

"ఇంట్లో పెట్టొచ్చాను."

ఆ మాటతో మా మధ్య లెక్క తీరిపోయింది. ఇక అతను చెప్పాడు, నేను విన్నాను. డిస్కు ఎంత చప్పుడు చేస్తుందో దాని కాగితం మీదే అంకె వేసి ఉంటుందట. అది చదవడం రానివాడే చెవి ఆనిస్తాడని అతను అనలేదు, నాకు వినిపించిందంతే. ఇరవై నాలుగు గంటలూ తిరిగే ఇంటి డబ్బాల కోసమే చేసినవి వేరే ఉంటాయి. వాటిలో నిమిషానికి ఐదువేల నాలుగువందల చుట్లు తిరిగేది ఒకటి, ఇంకో కంపెనీది ఐదువేల తొమ్మిదివందలు తిరిగేది ఒకటి తీశాడు. "వీటికీ వాటికీ మాట కలవదు సార్. ఒకదాని మీద ఇంకోటి ఎక్కడం ఉండదు. పోవడం కూడా ఎవరి టైముకి వాళ్ళే." స్క్రూలకింద రబ్బరు వాషర్లు, డబ్బాకింద మందపాటి స్పాంజి మాత్రం నా సొంత తెలివి. ఇరవై ఏడేళ్ళ చదువుకి ఆ మాత్రం గౌరవం దక్కింది.

పాతవి రెండూ ఒకేసారి పీకకూడదు. ఒక కవలని తీసి కొత్తది పెట్టాలి, రెండో కవల తనకి తెలిసిందంతా దానికి అప్పజెప్పాక దాన్నీ తియ్యాలి. ఆ అప్పగింతలకి ఒకటిన్నర రోజు పట్టింది. అన్నీ సరిగ్గా వచ్చాయో లేదోనని చూస్తుంటే పుస్తకాల పేర్ల మధ్య "ఇతరాలు" అని ఒక ఫోల్డరు కనిపించింది. అందులో అరవై ఎనిమిది ఫైళ్ళు. ఒక్కోటి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చివరివి రెండు మాత్రం ఆరేసి సెకన్లు.

నేను తెరవలేదు. తెరవలేదంటే, ఒకటి తెరిచాను. "గది సర్దారా?" అంది. చటుక్కున మూసేశాను.

వంటింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి అక్క గొంతు వచ్చింది. "అవి జాగ్రత్తరా."

చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన ఆ మొదటి డిస్కులోంచి ఏం కావాలని అడిగిందో నాకప్పటికి తెలిసింది.

కొత్తవి తిరగడం మొదలుపెట్టాయి. ఫ్రిజ్ ఆపాం. ఇద్దరం నిలబడి విన్నాం. వీధి చివర ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది గానీ గదిలోంచి ఏమీ రాలేదు.

"ఇల్లు ఖాళీగా ఉందని తెలిసిపోతోంది కదరా?" అంది అక్క, ఆశగా.

తన ఇల్లు ఖాళీగా ఉందని ఎవరికో తెలియాలని ఆశపడే మనిషిని నేను మొదటిసారి చూశాను. "తెలిసిపోతుందక్కా," అన్నాను.

ఆ నిశ్శబ్దంలో ఒక పుస్తకం మొత్తం చదివింది. పాత రోజుల్లోలాగా, గొంతు తగ్గించకుండా. పంపింది. నెల గడిచాక ఆయన దగ్గర్నుంచి వచ్చింది:

"నమస్కారం అండి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. గదిలో వారి ఊపిరి వినిపించడం లేదు. ఊరికి వెళ్ళారేమో అనుకున్నాను. చివరి అధ్యాయం దాకా చూశాను. ఇంత కష్టంలోనూ మీరు చదవడం ఆపలేదు. ధైర్యంగా ఉండండి. మాకోసం శ్రమపడకండి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి."

అక్క ఇంకా నోరు తెరవకముందే లైబ్రరీ మేడం ఫోన్. ముక్కు చీదుతూ: "మాకు ఒక్క మాటైనా చెప్పలేదేమండీ? మేమందరం విన్నాం. అందరం కలిసి అనుకుని, మీ పేరు ఆర్నెల్లపాటు చదివేవాళ్ళ జాబితాలోంచి తీసి సెలవులో పెట్టాం. మీరు కాదనకూడదు."

ఆ ఆదివారం అక్క మా ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటూనే అంది: "పెళ్ళి చేయలేకపోయావు గానీ విధవని మాత్రం చేశావురా. లేని మొగుణ్ణి తెచ్చి నాలుగు నెలలు కాపురం చేయించావు, చంపావు. ఇక ఏడవడం కూడా నువ్వే ఏడు."

మా ఆవిడ కుర్చీ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది. "వదినా," అంది చివరికి, "ఇప్పుడైనా చెప్పెయ్యండి. నాలుగు బల్లలు ఏమనుకుంటే మనకేం?"

అక్క అన్నం తిని, మేడమ్‌కి ఫోన్ చేసింది. చేతిలో ఉన్న పుస్తకానికి ఒక్క అధ్యాయమే మిగిలిందని, అది పూర్తిచేసి పంపి, ఆ తరవాతే సెలవు తీసుకుంటానని చెప్పింది.

ఆ అధ్యాయం చదివిన పొద్దున నేను వాళ్ళ వంటింట్లో ఉన్నాను. తెల్లారేసరికి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఫ్రిజ్ ప్లగ్గు చేతిలో పట్టుకుని, కాలు కదిపితే చప్పుడవుతుందని కొంగలా నిలబడ్డాను. పుస్తకం అయిపోయింది. అక్క మైకు ఆపలేదు. డ్రాయరు లాగి, కొత్త డిస్కులతో వచ్చిన మడత కాగితం తీసింది.

"అనుబంధం," అంది.

"ఈ హార్డ్‌డిస్కు నిమిషమునకు ఐదువేల నాలుగువందల పర్యాయములు తిరుగును. ఖాళీగా తిరుగునప్పుడు చప్పుడు ఇరవై మూడు డెసిబెల్సు. తడి తగలనీయరాదు. క్రింద పడవేయరాదు. రెండవ హార్డ్‌డిస్కు వేరొక కంపెనీది. దానికిని తడి తగలనీయరాదు."

కాగితం మడిచి పక్కన పెట్టింది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆ వీపు అలా నిలబడటం నేను చూసి తొమ్మిదేళ్ళయింది.

"శ్రోతలకు గమనిక. గతంలో ఈ గదిలో వినిపించిన గురక, ఒకే పెట్టెలో పుట్టిన రెండు హార్డ్‌డిస్కులది. వాటిని ఎంపిక చేసినవారు పాఠకురాలి తమ్ముడు. అవి తొలగించబడినవి. ఈ గదిలో పాఠకురాలు తప్ప వేరెవరూ లేరు. గతంలోనూ లేరు." ఒక్క ఊపిరి తీసుకుంది. "మరొక్కసారి. గతంలోనూ లేరు."

ఆమె మైకు ఆపాకే నేను ప్లగ్గు పెట్టాను.

మేడం ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "ఏమండీ, ఈ అనుబంధం పుస్తకంలో లేదే?"

"కొత్త ముద్రణలో చేర్చారండి," అంది అక్క. ఒక్క అబద్ధమైనా ఆడటం రాని మనిషి.

 మేడం అవతల గొంతు సవరించుకుంది. "సెలవు కొట్టేశానండి. నలభై ఒకటికి ఈ పూటే పంపించాం. పంపేముందు ఇంకోసారి విన్నాం," అని ఆగి, "నాలుగు బల్లలూ," అంది.

జవాబు రావడానికి పదిహేడు రోజులు పట్టింది. ఎలా తెలుసంటే, ఆ పదిహేడు రోజులూ మా ఆవిడ పొద్దునా సాయంత్రం వదినకి ఫోన్ చేసింది. ఆటపట్టించడానికి కాదు. ఆ మాట మా ఇంట్లో ఆగిపోయింది.

"నమస్కారం అండి. అందింది. సంచి భుజాన వేసుకోవాలని ఎందుకనిపించేదో ఇప్పుడు తెలిసింది. మూడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర పన్నెండేళ్ళు నిలబడ్డానండి. మీరు 'మరొక్కసారి' అంటారని, మొదటిసారి చెప్పినప్పుడు కదిలేవాణ్ణి కాదు."

అంతటితో ఆయన మాట అయిపోయింది. రికార్డింగ్ మాత్రం అవలేదు. ఇంకో నాలుగు నిమిషాలుంది. అందులో మాట లేదు. ఆపడం మరిచిపోయారేమో అన్నాను.

"మరిచిపోయే మనిషి కాదు," అంది అక్క. ఫోను నా వైపు జరిపింది. "నువ్వు వినరా. నీకు చెవుంది. ఎవరెవరున్నారో చెప్పు."

అలవాటుకొద్దీ జేబులో స్క్రూడ్రైవరు తడుముకుని, సిగ్గేసి చెయ్యి తీసేశాను. కళ్ళు మూసుకుని విన్నాను. ఒక కుర్చీ ఒకసారి కిర్రుమంది. ఎక్కడో దూరంగా ఎవరో బకెట్టు దించారు. గడియారం లేదు. మాటల్లేవు. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది, చుట్టుకో కట్... కట్... అంటోంది.

"ఎవరూ లేరక్కా. ఫ్యాను ఒక్కటే. దాని బేరింగు పోయింది. మహా అయితే ఆర్నెల్లు నడుస్తుంది."

"ఎవరూ లేరు," అంది అక్క. నాతో కాదు.

తరవాతి పుస్తకం చివర అనుబంధం లేదు గానీ ఒక ముక్క ఉంది. బస్టాండు వెనక వీధిలో ఫ్యాన్లు బాగుచేసే షాపు ఒకటుందని, గుమ్మం దగ్గర గంట ఉంటుందని, బేరింగు పని అక్కడ శుభ్రంగా చేస్తారని. మేడం దాన్ని తీసెయ్యలేదు. నియమాల పుస్తకం మొత్తం తిరగేశారట, అందులో ఫ్యాన్ల గురించి ఏమీ రాసిలేదట.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఆ ఫ్యానుకి సరిపోయే బేరింగుల జత నా డ్రాయర్లో కాగితంలో చుట్టి పెట్టాను. వేరే గిరాకీకి అవసరమైనా దాన్ని ముట్టుకోను. ఆయన దగ్గర్నుంచి మాటలు మామూలుగానే వస్తున్నాయి. కిటికీ, గొంతు, జలుబు. ప్రతిదాని చివరా కాసేపు మాటలేని చప్పుడు ఉంటుంది. అందులో కట్... కట్... ఇంకా ఉంది, రానురాను గట్టిపడుతోంది. ఆయనెందుకు బాగుచేయించుకోవడం లేదో అర్థం కాదని మా ఆవిడ అంటుంది. నాకు అక్క వదులుగా వదిలేసిన కిటికీ రెక్క గుర్తొస్తుంది, ఊరుకుంటాను.

అక్క ఇదివరకెప్పుడూ నా వ్యాపారం సంగతి అడిగేది కాదు. ఇప్పుడు రోజూ సాయంత్రం కౌంటరు మూయగానే ఫోన్ చేస్తుంది.

"ఇవాళ ఫ్యాన్లేమైనా వచ్చాయట్రా?"

"మూడొచ్చాయక్కా."

"ఎలాంటి చప్పుడు?"

చెబుతాను. ఒకదానికి రెక్క వంగింది, ఒకటి కాయిలు కాలింది, ఇంకోటి అసలు చప్పుడే లేదు, తిరగడమే లేదు.

"కట్ కట్ మనేది?"

"రాలేదక్కా."

అవతల బస్టాండు మిషను ఏదో బస్సు నంబరు దగ్గర ఎక్కిళ్ళు పెడుతుంటుంది. అది అయ్యేదాకా ఆగుతుంది.

"షాపు ఎన్నింటికి మూస్తావు?"

రోజూ ఎనిమిదికేనని ఆమెకి తెలుసు. "ఎనిమిదికక్కా," అంటాను.

"ఇంకా టైముందిగా," అంటుంది.